గొర్రెల కుక్క తోక ఎలా పొట్టిదైంది?

కుక్కపిల్ల పుట్టిన నలభయ్యో రోజున దాని తోక చివరి పూసను పంటితో కొరికి తెంపాలట. లోపలి నరాన్ని కూడా పట్టి లాగేస్తే తోక వికారంగా పెరగదట, పైగా పిచ్చి కూడా పట్టదట. ఈ సలహా ఇచ్చినవాడు కొలుమెల్లా. నేటి స్పెయిన్‌లో పుట్టి, క్రీ.శ. మొదటి శతాబ్దంలో లాటిన్‌లో పన్నెండు భాగాల వ్యవసాయ గ్రంథం రాసిన రోమన్ రైతు. పిచ్చి పట్టదన్నది తన మాట కాదనీ, చాలామంది కాపరులు అలా అంటారనీ జాగ్రత్తగా తప్పుకున్నాడు. అదే గ్రంథంలో గొర్రెల కుక్క తెల్లగా ఉండాలని కూడా చెప్పాడు. తెల్లవారుజామున, మునిమాపు వేళ మసక వెలుతురులో కాపరి తన కుక్కనే తోడేలనుకుని కొట్టకుండా ఉండాలంటే అదే దారి. రంగు గురించి ఇంత వివరంగా ఆలోచించిన మనిషి, తోక దగ్గరికి వచ్చేసరికి నలుగురూ అనే మాటతోనే సరిపెట్టుకున్నాడు. తర్వాతి రెండు వేల ఏళ్లలోనూ తోక విషయంలో జరిగింది దాదాపు ఇదే. కారణాలు మారాయి, కోత మాత్రం ఆగలేదు.

ఇంగ్లండ్‌లో ఇంకో కథ చెబుతారు. పశువులనూ గొర్రెలనూ రోజుల తరబడి నడిపించి లండన్ స్మిత్‌ఫీల్డ్ సంతకు తోలే మనుషులుండేవారు. వారి వెంట బొచ్చు కుక్కలు ఉండేవి. కుక్కల మీద పన్ను వేసినప్పుడు పనిచేసే కుక్కకు మినహాయింపు దొరికిందనీ, అది పనికుక్కేనని గుర్తుపట్టడానికి తోక కోసేవారనీ కథ. ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్‌కు ‘బాబ్‌టెయిల్’ (పొట్టి తోక) అన్న ముద్దుపేరు అలా వచ్చిందంటారు. పన్ను నిజమే. 1796లో ప్రధాని పిట్ ప్రభుత్వం వేసింది. పార్లమెంటులో దానికోసం పట్టుబట్టిన జాన్ డెంట్‌ను జనం ‘డాగ్ డెంట్’ అని వెక్కిరించారు కూడా. అయితే అంతకు ఆరేళ్ల ముందే, 1790లో, న్యూకాజిల్‌లో చెక్క మీద బొమ్మలు చెక్కే చిత్రకారుడు థామస్ బ్యూయిక్ తన జంతువుల పుస్తకంలో రైతుల పశువుల కుక్క గురించి రాశాడు. ఈ కుక్కల్లో చాలావాటికి పుట్టుకతోనే తోక పొట్టిగా, కోసినట్టే ఉంటుందనీ, వీటిని ‘సెల్ఫ్ టెయిల్డ్’ అంటారనీ అందులో ఉంది. అంటే పన్ను రాకముందే పొట్టి తోక ఉంది, కోసిన తోక ఎలా ఉంటుందో కూడా జనానికి తెలుసు. పన్ను ఈ అలవాటుకు ఊతమిచ్చి ఉండవచ్చు. దానికి మూలం మాత్రం అది కాదు.

బ్యూయిక్ చూసిన పుట్టు పొట్టి తోక వెనుక సంగతి బయటపడడానికి ఎలుకలు కావాల్సి వచ్చింది. 1927లో పారిస్‌లో పనిచేస్తున్న రష్యన్ శాస్త్రవేత్త నదెజ్దా దోబ్రోవోల్స్కయా జవాద్‌స్కయా పొట్టి తోక ఎలుకల గురించి రాసింది. మార్పు చెందిన జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే ఎలుక బతుకుతుంది, తోక పొట్టిది అవుతుంది. ఇద్దరి నుంచీ వస్తే పిండం కడుపులోనే పోతుంది. ఆ జన్యువుకు ‘టి’ అని పేరు. కుక్కల్లో అదే జన్యువులో ఒకే ఒక్క డీఎన్‌ఏ అక్షరం మారిందని 2001లో తేలింది, అదీ కోర్గి కుక్కలతో. బ్రూస్ కాటనాక్ అనే బ్రిటిష్ జన్యు శాస్త్రవేత్త పెంబ్రోక్ కోర్గిని బాక్సర్ జాతి కుక్కతో దాటించి, తర్వాతి తరాలను మళ్లీ బాక్సర్లతోనే కలుపుతూ వెళ్లి, కత్తి అవసరం లేని పొట్టి తోక బాక్సర్లను తయారుచేశాడు. 2009 నాటికి అదే మార్పు ఆస్ట్రేలియన్ షెపర్డ్, పిరెనీస్ కొండల గొర్రెల కుక్క, పోలండ్ మైదానాల గొర్రెల కుక్క, స్వీడన్ వాల్‌హుండ్ వంటి ఎన్నో జాతుల్లో కనిపించింది. వీటిలో ఎక్కువ భాగం మందలు తోలేవే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ గుణం ఎన్ని తరాలైనా జాతి మొత్తానికీ స్థిరపడదు. పొట్టి తోక కుక్కను పొడుగు తోకదానితో కలిపితే పిల్లల్లో సగం అటు, సగం ఇటు. పోనీ రెండూ పొట్టివే కదా అని కలిపితే, నాలుగింట ఒక పిండం పుట్టకముందే పోతుంది, బతికినవాటిలో మూడింట ఒకదానికి మళ్లీ పొడుగు తోకే. వాల్‌హుండ్ కుక్కల్లో అలాంటి జతలకు పిల్లల సంఖ్య బాగా తగ్గడం 2009లో వెలువడిన ఒక పరిశోధనలో కనబడింది. ఎన్ని తరాలు ఎంచి పెంచినా ఒక ఈతలో అన్ని రకాల తోకలూ వస్తూనే ఉంటాయి. ఒకే అచ్చులో కుక్కలు కావాలనుకున్న పెంపకందారు మిగిలిన పని కత్తికి అప్పగించాడు. కాపరి కొండ మీద ఈ తేడాను పట్టించుకోకపోవచ్చు, ప్రదర్శన బల్ల మీద మాత్రం అది పట్టింపే. 1934లో బ్రిటన్ కెన్నెల్ క్లబ్ కోర్గిలను రెండు జాతులుగా విడగొట్టినప్పుడు చూపుకు మొదట ఆనిన తేడా తోకే. కార్డిగన్‌కు పొడుగు, పెంబ్రోక్‌కు పొట్టి. పేరు ఆస్ట్రేలియాదైనా అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో తయారైన ఆస్ట్రేలియన్ షెపర్డ్‌ల్లో సుమారు ఐదింట ఒకటి పొట్టి తోకతో పుడుతుంది. జాతి ప్రమాణం మాత్రం తోక నాలుగు అంగుళాలు దాటకూడదంటుంది. మిగతా నాలుగింటి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

తోక ముళ్లలో చిక్కుకుంటుంది, గొడ్లు తొక్కుతాయి, అందుకే కోస్తామన్నది పనివాళ్ల వాదన. వినడానికి బాగానే ఉంది. మరి ప్రపంచంలో గొర్రెలు తోలడంలో సాటిలేని బోర్డర్ కోలీకి నిండు తోక ఉందే! 1873లో వేల్స్‌లోని బాలాలో జరిగిన బ్రిటన్ తొలి గొర్రెల కుక్కల పోటీ నుంచి నేటిదాకా వాటి తోక ఎవరూ కోయలేదు. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టి, ఈ జాతికి మూలపురుషుడైన ఓల్డ్ హెంప్‌కూ తోక ఉండేది. పని మీద ఉన్న కోలీని దగ్గర నుంచి చూడండి. తల దించి, చూపు మంద మీద నిలిపి, తోకను వెనుక కాళ్ల వెంట కిందికి వదిలేస్తుంది. తోక పైకి లేచిందంటే దాని మనసు పని మీద లేదని కాపరి పసిగట్టేస్తాడు. అంటే కుక్క పనితనాన్ని యజమాని చదువుకునేది ఆ తోకలోనే. బ్రిటన్‌లో లక్షా 38 వేల కుక్కల వైద్య వివరాలు చూసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో తోక దెబ్బలు 281 మాత్రమే. ఒక్క దెబ్బ తప్పించడానికి సుమారు 500 తోకలు కోయాలని లెక్క తేలింది.

గొర్రెల తోక కోతకు మాత్రం కారణం ఉంది. పొడుగు తోక గొర్రెలకు వెనుక పేడ అంటి, ఈగలు గుడ్లు పెట్టి, పురుగులు పడతాయి. అందుకని పిల్లలకు బిగుతైన రబ్బరు ఉంగరం తొడిగితే తోక ఎండి రాలిపోతుంది. కుక్కపిల్లలకూ వాడేది అలాంటి ఉంగరాన్నే, లేదా కత్తెరను, పుట్టిన రెండు నుంచి ఐదు రోజుల్లోపు, చాలాసార్లు మత్తు లేకుండానే. మన నెల్లూరు గొర్రెకు ఈ బాధ లేదు, గొర్రె తోక బెత్తెడే కదా.

పొట్టి తోక కుక్క మాట తోటి కుక్కకు అందదని కెనడాలో విక్టోరియా విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ఒక బొమ్మ కుక్కతో చూపించారు. ఆ బొమ్మ పొడుగు తోక ఊపితే కుక్కలు దగ్గరికి వచ్చాయి, నిలబెడితే వెనకాడాయి. పొట్టి తోకను ఊపినా నిలిపినా తేడా కనిపెట్టలేకపోయాయి.

నార్వే కుక్కల తోక కోతను 1987లోనే నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2007 నుంచి నిషేధం అమల్లో ఉంది. పోలీసు, సైన్యం, రక్షణ బృందాలు, ఎలుకల నిర్మూలన, వేట తుపాకీ వెంట వెళ్లే కుక్కలకు మినహాయింపులున్నాయి. ఆ జాబితాలో గొర్రెల కుక్క లేదు. మన 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం జంతువు అవయవం ఛేదించడాన్ని నేరమంటుంది. అమెరికాలో మాత్రం కోత ఇప్పటికీ మామూలే. అక్కడున్న మనవాళ్లు ఆస్ట్రేలియన్ షెపర్డ్ పిల్లను తెచ్చుకోదలిస్తే, పెంపకందారుకు పిల్లలు పుట్టకముందే చెప్పి ఉంచండి. ఎనిమిదో వారంలో చూసి ముచ్చటపడి అడిగేసరికి తోక పోయి సుమారు ఏడు వారాలు అయి ఉంటుంది.