నెయ్యి వేషం కట్టిన నూనె

పసుపు రంగు రేకు డబ్బా, దాని మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ. లోపలి సరుకు అయిపోయాక అందులో కందిపప్పు పోసేవాళ్లు. తుప్పు పట్టాక అడుగున చిల్లులు పొడిచి తులసి నాటేవాళ్లు. తెలుగిళ్లలో దాన్ని వనస్పతి అన్నవాళ్లు తక్కువ, ఏ కంపెనీ తయారుచేసినా అది డాల్డాయే. బాదుషా గుల్లగా రావాలన్నా, హోటల్లో పరోటా పొరలు విడాలన్నా, పెళ్లివంటకు నెయ్యి చాలకపోయినా డాల్డానే దిక్కు. అంతలా వాడుతూనే తరాల తరబడి దాన్ని తిట్టిపోశారు కూడా. ఆ తిట్లలో చాలావరకు తగలాల్సిన చోట తగల్లేదు.

దీని పుట్టిల్లు మన గానుగ కాదు, యూరప్‌లోని ప్రయోగశాల. నికెల్ పొడి సాయంతో కొన్ని పదార్థాల ఆవిరికి హైడ్రోజన్‌ను పట్టించవచ్చని ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ సబాటియే చూపించాడు. 1912లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆవిరికే కాదు, నూనెకూ అదే పని చేయవచ్చని జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్ 1902లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. పల్చటి నూనె గట్టి కొవ్వుగా మారుతుందంటే సబ్బుల వాళ్లకు, కొవ్వొత్తుల వాళ్లకు అంతకన్నా ఏం కావాలి? తినడానికి కూడా పనికొస్తుందని పెద్ద ఎత్తున రుజువు చేసింది అమెరికాలోని ప్రోక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ. 1911లో పత్తిగింజల నూనెను గట్టిపరచి క్రిస్కో పేరుతో అమ్మకానికి పెట్టింది.

ఆ రోజుల్లో మన దేశంలో నువ్వుల నూనెకు, వేరుశనగ నూనెకు, కొబ్బరి నూనెకు కరువు లేదు. కొరతంతా నెయ్యికే. నెయ్యి ఖరీదైనది, మర్యాద గలది. అతిథి విస్తట్లో నూనె వడ్డిస్తే చిన్నతనం, నెయ్యి వడ్డిస్తే గౌరవం. ఈ సంగతి కనిపెట్టిన వ్యాపారులు మొదట హాలండు నుంచి వనస్పతిని దిగుమతి చేసి అమ్మారు. 1931లో హిందుస్తాన్ వనస్పతి తయారీ కంపెనీ ఏర్పడింది. బొంబాయి సెవ్రీలో ఫ్యాక్టరీ వెలిసింది. 1937లో డాల్డా బజారుకొచ్చింది. దిగుమతిదారు పేరు దాదా అని, ఈ ఫ్యాక్టరీ పెట్టిన లీవర్ కంపెనీ నడుమ తన ‘ల’ను ఇరికించిందని చెబుతారు. ఆ తర్వాత ప్రకటనల సంస్థ లింటాస్ సినిమా హాళ్లలో చిన్న చిత్రాలు వేసింది. డబ్బా ఆకారంలో ఉన్న బండిని వీధుల్లో తిప్పింది. దుకాణాలు పెట్టి జనాన్ని ముట్టుకోమంది, వాసన చూడమంది, రుచి చూడమంది.

అందులోని పనితనాన్ని తీసిపారేయలేం. నెమ్మదిగా చల్లార్చి, అచ్చం నెయ్యిలాగే పూస కట్టేటట్టు చేశారు. కరిగే వేడి 31 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలని తర్వాత చట్టమే చెప్పింది. నెయ్యికి సాటి రావాలని గ్రాముకు 25 అంతర్జాతీయ యూనిట్ల చొప్పున ఎ విటమిన్ కలిపించారు. చవక, నెలల తరబడి ముక్కిపోదు, మూకుడులో వేడిని బాగా తట్టుకుంటుంది. గేదె లేని ఇంట్లో పండగ పూట చేసిన మిఠాయి డాల్డాదే అయ్యుంటుంది. ఆ మేలును మరచిపోయి తిట్టడం న్యాయం కాదు.

గొడవంతా కల్తీ దగ్గర మొదలైంది. నెయ్యిలో డాల్డా కలిపితే కన్ను పట్టుకోలేదు, ముక్కూ పట్టుకోలేదు. గాంధీజీ దీన్ని మోసమన్నారు. స్వాతంత్ర్యం వచ్చాక వనస్పతిని నిషేధించాలంటూ పార్లమెంటులో బిల్లు వచ్చింది. ప్రజాభిప్రాయం అడిగారు, ఏదీ తేలలేదు. పోనీ వనస్పతికి ఏదైనా రంగు వేద్దామంటే, వంటలో నిలిచేది, ఆరోగ్యానికి చెరుపు చేయనిది, కల్తీదారుడు తొలగించలేనిది కావాలి. అలాంటి రంగు ఎన్నేళ్లు వెతికినా దొరకలేదు.

చివరికి ఉపాయం చెప్పినవి నువ్వులు. వనస్పతి తయారీదారులంతా అందులో 5 శాతం నువ్వుల నూనె తప్పక కలపాలని ప్రభుత్వం శాసించింది. రుచి కోసం కాదు, గుర్తు కోసం. నువ్వుల నూనెకు ప్రత్యేకమైన పదార్థం ఒకటుంది. నెయ్యిని కరిగించి, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కొంచెం ఫర్‌ఫురాల్ కలిపి బాగా కుదిపి ఉంచితే, అందులో నువ్వుల నూనె ఏ మాత్రం ఉన్నా అడుగున చేరిన ఆమ్లం గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇదే బౌడిన్ పరీక్ష. ఫర్‌ఫురాల్ లేకపోతే చిటికెడు పంచదార వేసినా సరిపోతుంది. కాలేజీ రసాయనశాస్త్రం లాబుల్లో ఈ పరీక్ష చేసి, ఇంటి నుంచి తెచ్చిన నెయ్యి గులాబీ రంగుకు తిరిగితే మొహం మాడ్చుకున్న విద్యార్థులు ఎందరో!

ఇంత హడావుడీ డాల్డా నెయ్యి కాదనే. అది తనంతట తానుగా ఒంటికి ఏం చేస్తోందన్నది ఆ రోజుల్లో వెనకబడిపోయింది.

నూనెలోని కొవ్వు ఆమ్లాలకు సహజంగా ఒక వంపు ఉంటుంది. వంకర కట్టెలు మోపులో సరిగ్గా ఇమడనట్టు అవి దగ్గరగా సర్దుకోలేవు, అందుకే నూనె ద్రవంగా ఉంటుంది. హైడ్రోజన్ పట్టిస్తే వంపు పోతుంది, కట్టెలు ఒద్దికగా పేరుకుంటాయి, నూనె గట్టిపడుతుంది. పూర్తిగా పట్టిస్తే మైనంలా తయారై వంటకు పనికిరాదు. అందుకని సగంలో ఆపేవాళ్లు. ఆ సగం పనిలోనే చిక్కు వచ్చింది. కొన్ని ఆమ్లాలు హైడ్రోజన్ పట్టకుండానే వంపు మాత్రం సాగదీసుకుని నిటారుగా మారిపోయేవి. అవే ట్రాన్స్ కొవ్వులు.

వీటి మీద అనుమానం పాతదే. అమెరికాలో ఫ్రెడ్ కుమ్మెరో అనే శాస్త్రవేత్త, మనుషుల దేహకణజాలంలో ట్రాన్స్ కొవ్వులు చేరుతున్నాయని 1957లోనే ‘సైన్స్’ పత్రికలో రాశాడు. పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెన్సింక్, కాటన్ 59 మంది ఆరోగ్యవంతులకు మూడేసి వారాల చొప్పున రకరకాల కొవ్వులు తినిపించి రక్తం పరీక్షించారు. ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్టరాల్‌ను పెంచింది, పైగా మంచి కొలెస్టరాల్‌ను తగ్గించింది. నెయ్యి, వెన్నల్లాంటి సంతృప్త కొవ్వులు చెడును పెంచినా మంచిని తగ్గించవు. అంటే నెయ్యికి బదులుగా వచ్చినది నెయ్యి కన్నా గుండెకు ఎక్కువ చేటు. కుమ్మెరో 2013లో, 98 ఏళ్ల వయసులో, అమెరికా ఆహార ఔషధ సంస్థ మీద దావా వేశాడు. 2015లో ఆ సంస్థ సగం గట్టిపరచిన నూనెలు సురక్షితం కావని తేల్చింది. ఆ మాట విని, రెండేళ్లకు 102వ ఏట కన్నుమూశాడు. మొండిపట్టు అంటే అదీ!

మన దగ్గర 2009లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ పరీక్షించిన వనస్పతి రకాల్లో ట్రాన్స్ కొవ్వు, డెన్మార్క్ పెట్టుకున్న 2 శాతం పరిమితికి 5 నుంచి 12 రెట్లు ఉంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే గరిష్ఠం 2.2 గ్రాములు. 20 శాతం ట్రాన్స్ ఉన్న డాల్డా అయితే 11 గ్రాములతోనే, అంటే ఒక పెద్ద చెంచా నిండకుండానే, ఆ రోజు కోటా ఖర్చయిపోతుంది. రెండు బాదుషాలు తిన్నవాడి లెక్క మీరే వేసుకోండి. భారత ఆహార భద్రతా సంస్థ పరిమితిని 10 శాతంతో మొదలుపెట్టి, 5కు దించి, 2021లో 3కు, 2022 జనవరి నుంచి 2కు తెచ్చింది. (నెయ్యిలోనూ సహజంగా కొద్దిపాటి ట్రాన్స్ కొవ్వు ఉంటుంది. ఈ నిబంధన దానికి వర్తించదు.)

మరి ఇప్పటి వనస్పతి దేంతో గట్టిపడుతోంది? ఎక్కువగా పామాయిల్‌తో, అందులోంచి విడదీసిన గట్టి భాగమైన స్టియరిన్‌తో. ట్రాన్స్ ముప్పు తగ్గింది, అది నిజమైన మేలు. కానీ పామాయిల్‌లో సుమారు సగం సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అది ఐదో వంతుకు మించదు, నువ్వుల నూనెలో ఇంకా తక్కువ. గది వేడిలో గడ్డకట్టి ఉండాలన్న కోరిక తీరాలంటే ట్రాన్సో, సంతృప్తమో ఏదో ఒకటి ఉండి తీరాలి. ప్యాకెట్ మీద ‘ట్రాన్స్ ఫ్యాట్ 0’ అని పెద్దక్షరాల్లో కనబడినప్పుడు, వెనక చిన్నక్షరాల్లో సాచురేటెడ్ ఫ్యాట్ అంకె ఎంతో కూడా చూడాలి. బేకరీ అద్దాల వెనక వేడివేడిగా ఉండే కర్రీ పఫ్‌కు మాత్రం ఏ అక్షరాలూ ఉండవు.