కార్మికులు కొనుక్కున్న మిల్లు

ఒహాయోలోని హామిల్టన్‌లో కాగితం వ్యాపారం చేసే పీటర్ జి. థామ్సన్‌కు గుజ్జు కావలసివచ్చింది. అమెరికాలో ఉత్తర కరొలినా పశ్చిమ కొండల్లో దట్టమైన అడవి, పక్కనే పిజన్ నది, సరుకు తరలించడానికి రైలు కనిపించాయి. అలా అక్కడి కాంటన్ ఊళ్లో ఛాంపియన్ ఫైబర్ కంపెనీ వెలిసింది. 1908లో మిల్లు నడక మొదలైంది. చెస్ట్‌నట్ చెక్క నుంచి ముందు తోళ్ల పరిశ్రమకు కావలసిన టానిన్ తీసేవారు, మిగిలిన చెక్కను గుజ్జు చేసేవారు.

తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి డ్యూటీకి వెళ్లిన ఇళ్లు అక్కడ ఎన్నో. షిఫ్ట్ కూతతోనే ఊరి గడియారం నడిచేది. ఊరి మురుగునీటిని శుద్ధి చేసిందీ మిల్లే. ఆ మిల్లే నదిని నల్లబరచింది కూడా. దిగువన ఉన్న టెన్నెసీ ప్రజలు ఏళ్ల తరబడి పోరాడాక, 1990ల్లో యంత్రాలను ఆధునికీకరించి నీటి రంగు తగ్గించారు.

1997లో ఛాంపియన్ ఈ మిల్లును అమ్మకానికి పెట్టింది. కొనేవాడు ఎవరో, ఎవరి ఉద్యోగం ఉంటుందో తెలియని ఆ రోజుల్లో యూనియన్ పెద్ద సాహసం చేసింది. కేపీఎస్ అనే పెట్టుబడి సంస్థను వెంట తెచ్చుకుని 1999లో మిల్లును కొనిపించింది. కార్మికులు జీతాల్లో కోతకు ఒప్పుకుని, బదులుగా వాటాలు తీసుకున్నారు. కొత్త కంపెనీ పేరు బ్లూ రిడ్జ్ పేపర్ ప్రొడక్ట్స్. 2004లో రెండు తుపానుల వరదలు వరుసగా ముంచెత్తినా బురద ఎత్తిపోసి యంత్రాలను మళ్లీ తిప్పారు.

కానీ పెద్ద వాటా కేపీఎస్‌ది. 2007లో కంపెనీ న్యూజిలాండ్ కుబేరుడు గ్రేమ్ హార్ట్‌కు చెందిన ర్యాంక్ గ్రూప్ చేతికి వెళ్లింది. త్యాగం చేసినవాళ్లకు నిర్ణయంలో చోటు లేకుండా పోయింది.

2023 మార్చిలో అప్పటి యజమాని పాక్టివ్ ఎవర్‌గ్రీన్ మూసివేత ప్రకటించింది. దాదాపు 1,100 ఉద్యోగాలు పోయాయి. జనాభా నాలుగున్నర వేలు కూడా లేని ఊరది. 2024 చివరిదాకా 800 ఉద్యోగాలు నిలపాలన్న షరతుతో రాష్ట్రం అంతకుముందు 1.2 కోట్ల డాలర్ల సాయం చేసింది. గడువుకు ముందే మిల్లు మూతపడటంతో ఆ డబ్బు కోసం 2024లో రాష్ట్రం కోర్టుకెక్కింది.

మన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయినా, ప్రభుత్వ రాయితీలతో 2018లో జేకే పేపర్ చేతుల్లోకి వెళ్లి మళ్లీ నడిచింది. కాంటన్‌లో యంత్రాలు నడిపే యజమాని రాలేదు. 2025లో ఆ స్థలాన్ని పాత కర్మాగారాలను కూల్చి అభివృద్ధి చేసే స్పిర్టాస్ సంస్థ కొన్నది. మురుగునీటి శుద్ధికి సొంత ప్లాంటు కట్టుకోవలసిన భారం ఇప్పుడు ఊరిదే.