హైదరాబాద్ రాజ్య సైనికులు: శౌర్య పతకాలు, యుద్ధబందీల సమాధులు

రెండో ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ రాజ్యం నుంచి వెళ్లి జపాన్ సైన్యానికి చిక్కిన సైనికుల్లో పతకం ఎవరికి దక్కింది, చనిపోయినవారి సమాధులను ఎవరు లెక్కకెక్కించారు అన్నది ఈ వ్యాస విషయం. ఈ చరిత్రలో పతకమూ, పేరున్న సమాధీ రెండూ దక్కిన బందీగా ముందు చెప్పుకోవలసిన పేరు హైదరాబాద్‌లో పుట్టిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీది.

ముందుగా ఒక పొరపాటును సరిదిద్దుకోవాలి. బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంటుకు ఆ రోజుల్లో నగరం పేరే తప్ప మనుషులు ఎక్కువగా కుమావూన్ కొండల వారు, అహీర్లు, జాట్లు. 1945లో దాని పేరు కుమావూన్ రెజిమెంటుగా మారింది. నిజాం సొంత సేన వేరు. అందులోని 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ 1941 డిసెంబరులో మలయా ఈశాన్య తీరాన కోట బారు విమానాశ్రయానికి కాపలా ఉంది. డిసెంబరు 8న జపాన్ సేనలు దిగింది ఆ తీరంలోనే. అక్కడి నుంచి వెనక్కి తగ్గుతూ వచ్చిన సేనలు 1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో లొంగిపోయాయి. బందీలైన భారత సైనికులు 40 వేలకు పైమాటే. వారిలో చాలామంది ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, చేరనివారు శిబిరాల్లో ఉండిపోయారు. కొన్ని వేల మందిని న్యూగినీ, న్యూబ్రిటన్ దీవులకు కూలిపనికి తరలించారు.

అన్సారీ చిక్కింది మలయాలో కాదు, హాంకాంగ్‌లో. ఆయన 7వ రాజ్‌పుత్ రెజిమెంటు 5వ బెటాలియన్ అధికారి. 1941 క్రిస్మస్ నాడు హాంకాంగ్ లొంగిపోయింది. ఆయన నిజాం వంశానికి బంధువని తెలిశాక జపాన్ అధికారులు ఒత్తిడి మొదలుపెట్టారు: బ్రిటిష్ వారిపై విధేయత వదులుకోవాలి, శిబిరంలోని భారతీయులను తమవైపు తిప్పాలి. ఆయన ఒప్పుకోలేదు. 1942 మే నెలలో స్టాన్లీ జైలుకు పంపి, తిండి పెట్టకుండా చిత్రహింసలు పెట్టారు. శిబిరానికి తిరిగివచ్చాక కూడా ఆయన మాట మారలేదు. పైగా తోటి బందీలు తప్పించుకోవడానికి రహస్యంగా ఏర్పాట్లు చేశారు. ఎవరో పట్టిచ్చారు. మళ్లీ జైలు, మళ్లీ హింస, ఆ తర్వాత మరణశిక్ష. 1943 అక్టోబరు 29న బ్రిటన్, చైనా, భారత దేశాలకు చెందిన ముప్పైమందికి పైగా బందీలతో పాటు ఆయనను చంపేశారు. రాజబంధువు కనుక, తలవంచి బయటపడే దారి ఆయనకు తెరిచే ఉంది. ఆయన ధైర్యానికి అసలు కొలత అదే.

పతకం రావడానికి యుద్ధం ముగియాల్సి వచ్చింది. బందీ ఏం చేశాడో చెప్పగలిగే సాక్షులు కూడా బందీలే కదా! వారు విడుదలై వాంగ్మూలాలు ఇచ్చాకే సిఫారసు కదులుతుంది. ఏ పతకం అన్నదీ చిక్కే. విక్టోరియా క్రాస్ శత్రువు ఎదుట పోరాటంలో చూపిన తెగువకు. మిలిటరీ క్రాస్ వంటివి అప్పటి నిబంధనల ప్రకారం చనిపోయినవారికి ఇచ్చేవారు కాదు. కాబట్టి 1940లో నెలకొల్పిన జార్జ్ క్రాస్ మిగిలింది. అన్సారీకి ఆ పతకాన్ని 1946 ఏప్రిల్ 18 నాటి లండన్ గెజిట్‌లో ప్రకటించారు. అంటే చనిపోయిన రెండున్నరేళ్లకు.

సమాధుల లెక్క మరో యంత్రాంగానిది. 1929 జెనీవా ఒప్పందం ప్రకారం బందీని గౌరవంగా ఖననం చేయాలి, సమాధికి గుర్తు ఉండాలి. జపాన్ దానిపై సంతకం చేసింది గానీ ధ్రువీకరించలేదు. అందుకే చాలాచోట్ల బందీలే చాటుగా జాబితాలు రాసి దాచారు. 1945 సెప్టెంబరులో ఒక చిన్న బృందం, జపాన్ బందీల చేత కట్టించిన థాయ్‌లాండ్-బర్మా రైలుమార్గం పొడవునా తిరిగి 144 శ్మశానాల్లో 10 వేలకు పైగా సమాధులను గుర్తించగలిగింది. సైన్యపు సమాధుల విభాగం చెల్లాచెదురైన వాటిని ఒకచోటికి చేర్చింది. 1917లో ఏర్పడిన ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాటి బాధ్యత తీసుకుంది. హోదా ఏదైనా ఒకే కొలత రాయి అన్నది ఆ కమిషన్ నియమం.

జాడ దొరకనివారి పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారక గోడలపై చెక్కి ఉన్నాయి. మొత్తం 24 వేలకు పైగా. మతాచారం ప్రకారం దహనమైన దాదాపు 800 మందికి అక్కడే వేరే స్మారకం ఉంది, వారిలో ఎక్కువమంది భారత సేనల వారే. ఆ రైలుమార్గంపై సైనికులతో పాటు మలయా తోటల నుంచి తరలించిన తమిళ, తెలుగు కూలీలూ వేలల్లో చనిపోయారు. వారు సైనికులు కారు కనుక ఏ రిజిస్టరులోనూ పేరు ఎక్కలేదు. ఈ వ్యవస్థ చేసిన అతిపెద్ద అన్యాయం ఇదే.

అన్సారీ సమాధి హాంకాంగ్ స్టాన్లీ సైనిక శ్మశానంలో ఉంది. తాతో ముత్తాతో ఆ యుద్ధానికి వెళ్లి తిరిగిరాలేదని చెప్పుకునే ఇళ్లవారు ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని పిలిచే ఆ కమిషన్ పట్టికలో రుసుము లేకుండా వెతకవచ్చు. మన పేర్లను ఇంగ్లీషులో రకరకాలుగా రాశారు కాబట్టి, పేరుతో దొరక్కపోతే పటాలం పేరుతో వెతకండి.