భార్యాభర్తలు కలిసి వ్యాపారం చేస్తే పన్ను ఎవరి పేరున కట్టాలి?

అమెరికాలో మన తెలుగువాళ్ళు చాలామంది ఇండియన్ గ్రోసరీ, కేటరింగ్, కన్సల్టింగ్ లాంటి చిన్న వ్యాపారాలు భార్యాభర్తలు కలిసి నడుపుతుంటారు. రిటర్న్ ఎలాగూ జాయింట్‌గానే వేస్తున్నాం కదా అని, లాభమంతా భర్త పేరున ఒకే షెడ్యూల్ సి లో చూపించడం నేను తరచు గమనిస్తుంటాను. దీనివల్ల భార్యకు కలిగే నష్టం ఏమిటో, దానికి మార్గం ఏమిటో క్లుప్తంగా వివరిస్తాను.

సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్

ఉద్యోగస్తులకు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నుల్లో సగం కంపెనీ కడుతుంది. సొంత వ్యాపారంలో రెండు సగాలూ మనవే. నికర లాభంలో 92.35 శాతం మీద 15.3 శాతం కట్టాలి. ఇది ఆదాయపు పన్నుకు అదనం. అయితే ఇందులో సగాన్ని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు.

జాయింట్ రిటర్న్‌లో ఆదాయం కలుస్తుంది కానీ సోషల్ సెక్యూరిటీ ఖాతాలు కలవవు. షెడ్యూల్ ఎస్ఈ ఎవరి పేరున ఉంటే క్రెడిట్లు వారికే. రిటైర్మెంట్ బెనిఫిట్‌కు 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని కావాలి. భర్త రికార్డు మీద భార్యకు గరిష్ఠంగా సగం రావచ్చు. కానీ ఆమె పనిచేయలేని పరిస్థితి వస్తే, డిజెబిలిటీ ఇన్సూరెన్స్‌కు ఆమె సొంత క్రెడిట్లే ఉండాలి. ఇండియాలో ఉద్యోగం చేసిన ఏళ్ళు ఇక్కడి లెక్కలోకి రావు.

క్వాలిఫైడ్ జాయింట్ వెంచర్

ఇద్దరూ యజమానులైతే మామూలుగా అది పార్ట్‌నర్‌షిప్, ఫారం 1065 వేయాలి. 2007 టాక్స్ సంవత్సరం నుంచి దంపతులకు ఒక వెసులుబాటు ఉంది. యజమానులు వాళ్ళిద్దరే అయి, ఇద్దరూ నిజంగా వ్యాపారంలో పనిచేస్తూ, జాయింట్ రిటర్న్ వేస్తే, 1065 బదులు తమ వాటాల ప్రకారం చెరొక షెడ్యూల్ సి, చెరొక షెడ్యూల్ ఎస్ఈ వేయవచ్చు. ఎల్ఎల్‌సీ పెట్టినవారికి ఇది వర్తించదు. టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాల్లో ఎల్ఎల్‌సీలకు వేరే నియమాలున్నాయి.

ఉదాహరణకు 2025లో నికర లాభం 80,000 డాలర్లు అనుకుందాం. ఒకరి పేరునైతే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ సుమారు 11,304 డాలర్లు. చెరి సగం చూపిస్తే 5,652 చొప్పున, మొత్తం అంతే. పన్ను పెరగలేదు, భార్యకూ ఆ ఏడాది నాలుగు క్రెడిట్లు వచ్చాయి. లాభం బాగా ఎక్కువైతే మాత్రం ఈ లెక్క మారుతుంది. 2025లో ఒక్కొక్కరికి 1,76,100 డాలర్లు దాటిన ఆదాయంపై సోషల్ సెక్యూరిటీ పన్ను ఉండదు కాబట్టి, విడగొడితే మొత్తం పన్ను పెరగవచ్చు.

మరి రెండు జాగ్రత్తలు

1. జీతంలో లాగా ఇక్కడ పన్ను దానంతట అదే కట్ కాదు. ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి నెలల 15వ తేదీల్లోగా ఎస్టిమేటెడ్ టాక్స్ కట్టాలి. లేకపోతే పెనాల్టీ పడవచ్చు.

2. హెచ్-4 వీసాపై ఉన్నవారు ఈఏడీ ఉంటేనే వ్యాపారంలో పనిచేయాలి. అది లేకుండా పేరు చేర్చడం ఇమ్మిగ్రేషన్‌కు చేటు.

మీ పరిస్థితికి ఏది సరిపోతుందో సీపీఏని అడగండి. అంతకంటే ముందు ఇద్దరూ సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఎవరి స్టేట్‌మెంట్ వారు తెరిచి చూసుకోండి. ఏ ఏడాది ఎవరి పేరున ఎంత జమ అయిందో అందులోనే ఉంటుంది.