కుంచం నుంచి బార్‌కోడ్ దాకా: ఏ కొట్టు చవకో మనకెలా తెలుస్తుంది?

ఇవాళ ఎపిసోడ్ అరసవల్లి నుంచే. అరసవల్లి అనగానే అందరికీ సూర్యదేవాలయం, మార్చిలోనూ అక్టోబర్‌లోనూ స్వామి పాదాల మీద పడే కిరణాలు, రథసప్తమి రద్దీ గుర్తొస్తాయి. అవన్నీ ఇంకో ఎపిసోడ్‌కి. ఇవాళ్టి టాపిక్ ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంట్లో లేచే గొడవ. సామాన్లు ఎక్కడ తేవాలి? వీధి చివర షావుకారి కొట్లోనా, శ్రీకాకుళం టౌన్‌లో ఏసీ సూపర్ మార్కెట్‌లోనా, రైతుబజార్‌లోనా?

"ఫలానా దాంట్లో చవక" అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను అడిగేది కొంచెం వేరే. రెండు కొట్ల రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే వీలు మనకి ఎప్పుడొచ్చింది? అదేదో ఎప్పట్నుంచో ఉన్నదనుకుంటాం. కాదు. ముక్క ముక్కగా వచ్చింది, ప్రతి ముక్కకీ ఒక సంవత్సరం ఉంది.

ముందు కొలత. మా అమ్మమ్మ తరం వాళ్లు ధాన్యాన్ని కిలోల్లో చెప్పరు, కుంచాల్లో చెప్తారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. మా కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఇది చూస్తే ముచ్చటేస్తుంది, మొత్తం రెండ్ల లెక్కే, బైనరీ. తూకానికి వీశె, అంటే 120 తులాలు, ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు ఒక మణుగు.

లెక్క అందంగానే ఉంది. చిక్కు ఏటంటే కుంచం అనేది పరిమాణం, బరువు కాదు. గోపురంగా పోసి కొలిస్తే ఒక లెక్క, అంచుకి చదును చేసి కొలిస్తే ఇంకో లెక్క. పైగా ఈ ఊరి కుంచం, ఆ ఊరి కుంచం ఒకటే అని గ్యారంటీ లేదు. కొనేటప్పుడు పెద్ద కుంచం, అమ్మేటప్పుడు చిన్న కుంచం అనే అనుమానం రైతుకి ఎప్పుడూ ఉండేది. యూనిటే కదిలిపోతుంటే ఇంక రేటు పోల్చేదేముంది?

1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అంతకుముందు ఏడాదే, 1956లో, తూనికలు కొలతల చట్టం చేశారు. 1958 అక్టోబర్ నుంచి కిలోలు, లీటర్లు మొదలుపెట్టి 1962 నాటికి దేశమంతా తప్పనిసరి చేశారు. ఇంత పెద్ద దేశంలో నాలుగైదేళ్లలో తూకం రాళ్లన్నీ మార్చేశారంటే, నా దృష్టిలో అది ఆధార్ కంటే చిన్న పనేం కాదు. దాని గురించి మాట్లాడేవాళ్లే లేరు.

రెండో ముక్క అమెరికా నుంచి వచ్చింది. 1916లో మెంఫిస్ అనే ఊళ్లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని ఒక కొట్టు పెట్టాడు. పేరు చూసి నవ్వకండి. అప్పటిదాకా అక్కడ కూడా మన కొట్లలాగే, బల్లకి ఇవతల మనం, అవతల గుమాస్తా. చీటీ ఇస్తే సామాన్లు తీసి కట్టిచ్చేవాడు. సాండర్స్ ఏం చేశాడంటే ఆ బల్ల తీసేశాడు. జనాన్ని లోపలికి పంపి, చేతికి బుట్ట ఇచ్చి, ప్రతి వస్తువు మీదా రేటు వేశాడు. ఆయన లక్ష్యం గుమాస్తాల జీతం మిగుల్చుకోవడమే. మనకి దొరికింది మాత్రం వేరే. ఎవర్నీ అడక్కుండా రేటు చూసుకుని, నచ్చకపోతే తిరిగి పెట్టేసే వీలు. మొహమాటం పోయింది. షావుకారు ముందు "ఇది వద్దులెండి, ఇంకా తక్కువది ఇవ్వండి" అనడానికి మన ఇళ్లల్లో ఇప్పటికీ ఎంత ఇబ్బంది పడతారో మీకు తెలుసు కదా.

ఈ పద్ధతి మన దగ్గరికి మొదట ప్రైవేటు కంపెనీల ద్వారా పెద్దగా రాలేదు, ప్రభుత్వం ద్వారా వచ్చింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలర్ 4.76 రూపాయల నుంచి 7.50కి వెళ్లింది. ధరల భయం మొదలైంది. అదే ఏడాది ఢిల్లీలో సహకార రంగంలో సూపర్ బజార్ తెరిచారు. తర్వాత మన తెలుగు పట్టణాల్లో కూడా సూపర్ బజార్ అన్న పేరుతో సహకార దుకాణాలు నడిచాయి. మీ ఊళ్లో ఆ పేరుతో ఒక పాత బిల్డింగో, ఒక బస్టాపో మిగిలి ఉంటే చూడండి.

మూడోది ఎమ్మార్పీ. ఇది నాకు బాగా ఇష్టమైన ముక్క. 1977 ప్యాకేజీ వస్తువుల నిబంధనలతో ప్యాకెట్ మీద బరువు, ధర వేయడం వచ్చింది. కానీ "స్థానిక పన్నులు అదనం" అని రాసుకునే వీలు ఉండేది. ఆ అదనం ఎంతో కొనేవాడికి ఎలా తెలుస్తుంది? షావుకారు ఎంతంటే అంత. 1990లో ఆ సందు మూసేసి, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ ధర వేయాల్సిందే అన్నారు. గరిష్ఠం అంటే అంతకు మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మొచ్చు. ఇవాళ పెద్ద మార్టుల్లో పసుపు రంగు బోర్డు మీద ఎమ్మార్పీ కొట్టేసి కింద తక్కువ రేటు వేస్తారు చూడండి, ఆ బోర్డు పుట్టింది ఈ రూల్ నుంచే. కొట్టేయడానికి ముందు ఒక అంకె ఉండాలి కదా.

బార్‌కోడ్ సంగతి త్వరగా చెప్పేస్తా. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, మార్ష్ సూపర్ మార్కెట్‌లో మొదటిసారి స్కాన్ చేసింది ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్. మన దేశంలో రిజిస్టరైన బార్‌కోడ్‌లు 890తో మొదలవుతాయి. అంతే.

ఇక చైన్ స్టోర్లు. హైదరాబాద్‌లో 1986లో మొదలైన త్రినేత్ర మన తెలుగువాళ్లకి బాగా తెలిసిన మొదటి సూపర్ మార్కెట్ చైన్. దాన్ని ఆదిత్య బిర్లా గ్రూపు కొనేసింది, 2007లో మోర్ వచ్చింది. 2006 చివర్లో రిలయన్స్ ఫ్రెష్ కూడా తన మొదటి షాపులు తెరిచింది హైదరాబాద్‌లోనే. చిన్న కొట్లన్నీ పోతాయని అప్పట్లో దేశమంతా గోల. ఉత్తరప్రదేశ్‌లో 2007లో ప్రభుత్వమే వాటిని మూయించింది. మరి ఇన్నేళ్ల తర్వాత మన వీధి చివర కొట్టు ఎందుకు పోలేదు?

దానికి జవాబు లెక్కలో ఉంది. ఈ అంకెలు నేను అనుకున్నవే, మీ ఇంటి అంకెలు పెట్టుకుని చేయండి. నెలకి 3000 రూపాయల సామాన్లు. టౌన్‌లో సూపర్ మార్కెట్‌లో కొట్టు కంటే 5 శాతం తక్కువ అనుకుందాం, అంటే 150 మిగిలింది. ఆటోకి రానూపోనూ 40. ఇప్పుడు అసలు విషయం. కొట్లో నెలాఖరు దాకా అరువు ఉంటుంది, సూపర్ మార్కెట్‌లో ఉండదు. ఆ 3000 చేతిలో లేక నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే నెలకి 60. 150లోంచి 40, 60 తీసేస్తే మిగిలింది 50 రూపాయలు. చేతిలో డబ్బు ఉన్న ఇంటికి 110. అదే సూపర్ మార్కెట్, అదే బిల్లు, రెండు ఇళ్లకి రెండు రేట్లు.

రోజు కూలితో ఏ రోజుకారోజు వంద రూపాయల సరుకు కొనే ఇంటికి? 5 శాతం అంటే 5 రూపాయలు. ఆటో ఎక్కే పనే లేదు. మన సిక్కోలు నుంచి పనుల కోసం హైదరాబాద్, చెన్నై వెళ్లినవాళ్ల ఇళ్లల్లో, డబ్బు వచ్చేది ఎప్పుడో, సరుకు కావాల్సింది ఇవాళ. ఆ మధ్య రోజుల్ని మోసేది షావుకారి పద్దు పుస్తకమే. ఊరికే మోస్తాడని కాదు, ఆ ఖర్చు రేటులో కలిపే ఉంటుంది. కానీ ఏ పోలిక వీడియోలోనూ ఆ లైన్ ఉండదు. తీసిందంతా చేతిలో కార్డున్న మా లాంటివాళ్లే కదా.

కొసరు కూడా లెక్కలోకి రావాలి. కూరగాయలు కొంటే కరివేపాకు రెబ్బ ఊరికే వేసేవారు. సూపర్ మార్కెట్‌లో అదే కరివేపాకుకి ప్యాకెట్, స్టిక్కర్, రేటు. బదులుగా "ఒకటి కొంటే ఒకటి ఫ్రీ" ఇస్తారు. తేడా ఏటంటే కొసరు మనకి కావాల్సిన దాని మీద వస్తుంది, ఫ్రీ వాళ్లకి వదిలించుకోవాల్సిన దాని మీద వస్తుంది. కొంచెం ఘాటుగా అన్నానేమో గానీ, నా అభిప్రాయం అదే.

కూరగాయల దగ్గర మాత్రం నా ఓటు రైతుబజార్‌కే. 1999 జనవరి 26న మొదలుపెట్టారు. గుర్తింపు కార్డున్న రైతే నేరుగా అమ్ముతాడు, టోకు ధరకి కొంచెం పైన, బయటి చిల్లర ధరకి కింద పొద్దున్నే రేటు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. ఆ బోర్డు వల్ల లాభం బజార్‌లో కొన్నవాళ్లకే కాదు. బయట తోపుడు బండి దగ్గర బేరమాడేవాళ్ల నోట్లో కూడా ఆ అంకే ఉంటుంది.

చివరిగా ఒక కొత్త మెలిక. ఇదివరకు బిస్కెట్లు, నూనె, టీపొడి లాంటివి ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలని రూల్ ఉండేది. 2021 సవరణతో అది ఎత్తేశారు. బదులుగా గ్రాముకి ఎంతో, కిలోకి ఎంతో ప్యాకెట్ మీద వేయమన్నారు. ఇప్పుడు లీటర్ నూనె ప్యాకెట్, అంటే సుమారు 910 గ్రాములు, 150 రూపాయలు అనుకోండి. పక్కనే అచ్చం అలాగే కనిపించే 850 గ్రాముల ప్యాకెట్ 143. చూడ్డానికి రెండోదే చవక. కిలో లెక్కన చూస్తే మొదటిది సుమారు 165, రెండోది 168. పైగా ఒకదాని మీద రేటు లీటర్లలో, ఇంకోదాని మీద గ్రాముల్లో. అది కూడా ఎమ్మార్పీ మీద వేసిన లెక్కే, షాపువాడు తగ్గించిన రేటు మీద కాదు. కుంచం రోజుల్లో కొలత మారేది, ఇప్పుడు ప్యాకెట్ మారుతోంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంది, రేటుని గ్రాములతో భాగించి వెయ్యితో గుణించండి, పది సెకన్ల పని.

మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగి, మీ ఊళ్లో కుంచం బియ్యం ఎన్ని కిలోలు తూగేదో నాకు పంపండి. పాలకొండ వైపు ఒక లెక్క, టెక్కలి వైపు ఇంకో లెక్క వస్తాయేమో చూడాలని ఉంది. వచ్చిన వాటితో ఒక పట్టిక చేసి వచ్చే ఎపిసోడ్‌లో పెడతా.