మీ టీనేజర్ ముభావంగా ఉంటున్నారా? 14416కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది, తర్వాత ఎక్కడికి వెళ్లాలి?

ఇంటర్ చదివే అబ్బాయి రెండు వారాలుగా గదిలోంచి బయటికి రావడం లేదు. అన్నం సరిగా తినడు, సాయంత్రం క్రికెట్ మానేశాడు, ఏమైందని అడిగితే విసుక్కుంటాడు. ఫోన్ ఎక్కువైందని అమ్మ అంటుంది. బద్ధకమని నాన్న అంటాడు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ దిష్టి తీస్తుంది. డాక్టర్‌కు చూపిద్దామని ఎవరికైనా తోచినా, 'ఎర్రగడ్డకా?' అన్న మాట దగ్గరే ఆలోచన ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖపట్నంలో చినవాల్తేరు. ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్న ఈ రెండు చోట్ల పేర్లూ మన దగ్గర వెక్కిరింతకు వాడే మాటలైపోయాయి. డిప్రెషన్‌తో ఇబ్బంది పడే పిల్లల్లో చాలామందికి అక్కడిదాకా వెళ్లాల్సిన పనే ఉండదు. మొదట చేయాల్సింది ఒక ఫోన్ కాల్. అవసరమైతే తర్వాత దగ్గర్లోని పెద్దాసుపత్రి ఓపీ.

ఇది ఒకరిద్దరి ఇళ్లలో సమస్య కాదు. నిమ్హాన్స్ నిర్వహించిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే 40 మంది కూర్చునే సెక్షన్‌లో దాదాపు ముగ్గురు.

వయసు ప్రభావమా? డిప్రెషనా?

టీనేజర్లలో డిప్రెషన్ ఎప్పుడూ ఏడుపు రూపంలోనే కనిపించదు. చిరాకు, కోపం, చిన్న మాటకే తలుపు ధడేల్మని వేయడం కూడా దాని లక్షణాలు కావచ్చు. స్కాన్‌లలో ఏమీ తేలని తలనొప్పి, కడుపునొప్పి మరో గుర్తు. రాత్రంతా మేలుకోవడం లేదా మధ్యాహ్నం దాకా నిద్రపోవడం, స్నేహితులకు దూరం కావడం, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పని మీద ఆసక్తి పోవడం, 'నా వల్ల ఏదీ కాదు' అని పదేపదే అనడం... ఇలాంటివి కొన్ని కలిసి, దాదాపు రోజూ, రెండు వారాలకు మించి కొనసాగుతుంటే నిపుణులతో మాట్లాడాల్సిందే. పరీక్ష పోయిన బాధ, స్నేహితులతో గొడవ సాధారణంగా కొన్ని రోజుల్లో తగ్గుతాయి. డిప్రెషన్ అలా దానంతట అదే సర్దుకుంటుందని ఎదురుచూడటం మంచిది కాదు.

చావు గురించిన మాటలు వస్తే మాత్రం రెండు వారాలు లెక్కపెట్టకండి. 'చచ్చిపోవాలని అనిపిస్తోందా?' అని నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. అడిగే మనిషి ఉన్నారన్న ధైర్యమే వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోని మాత్రలు, పురుగుమందుల వంటివి అందకుండా తాళం వేయండి. వెంటనే 14416కు ఫోన్ చేయండి. ప్రమాదం కళ్లెదుటే ఉంటే 108 లేదా 112. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయొద్దు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 115 ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి. అందుకు భిన్నంగా రుజువైతే తప్ప విచారణ, శిక్ష ఉండవు.

14416: అవతల ఎవరుంటారు?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన ఈ సేవ పేరు 'టెలీ మానస్'. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. 14416 కలవకపోతే 1800-891-4416కు చేయొచ్చు. భాష ఎంచుకోమన్నప్పుడు తెలుగు ఎంచుకుంటే తెలుగులోనే మాట్లాడతారు.

మొదట ఫోన్ ఎత్తేది డాక్టర్ కాదు, శిక్షణ పొందిన కౌన్సెలర్. నిద్ర ఎలా ఉంది, తిండి ఎలా ఉంది, ఎప్పటి నుంచి ఇలా ఉంది, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతారు. మాట్లాడితే సరిపోయేదైతే అక్కడే సలహా ఇస్తారు. సరిపోదనుకుంటే సైకియాట్రిస్ట్ వంటి నిపుణులకు కలుపుతారు. నేరుగా చూపించుకోవాల్సి వస్తే దగ్గర్లో ఏ ఆసుపత్రికి వెళ్లాలో చెబుతారు.

పిల్లలే చేయాలని లేదు. 'మా అమ్మాయి ఇలా ఉంది, ఎలా మాట్లాడాలో తెలియడం లేదు' అని తల్లిదండ్రులు, అన్నయ్య, టీచర్, స్నేహితులు ఎవరైనా చేయొచ్చు. అలాగే ఈ నంబర్‌కు ఫోన్ చేయడానికి పిల్లలకు అమ్మానాన్నల అనుమతి అక్కర్లేదు. ఇంట్లోనే హింస, వేధింపులు ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు చేయాలి.

ఒక్క కాల్‌తో అంతా తేలిపోతుందని మాత్రం ఆశించొద్దు. మొదటిసారి మాట్లాడినవారి తీరు నచ్చకపోతే మళ్లీ చేయండి.

హాస్టల్‌లో ఉంటే?

అసలు చిక్కు ఇక్కడే. ర్యాంకుల ప్రకటనలతో పత్రికల మొదటి పేజీలు నిండిపోయే రాష్ట్రాలు మనవి. రెసిడెన్షియల్ కాలేజీలో చేరిన పిల్లల దగ్గర సెల్‌ఫోన్ ఉండదు. వారానికోసారి దొరికే కాసేపట్లో కూడా 'వీకెండ్ టెస్ట్‌లో ఎన్నొచ్చాయి?' అన్నదే మొదటి ప్రశ్న అయితే మిగతాది చెప్పే సందే ఉండదు.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు దేశంలోని స్కూళ్లు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేదాకా వీటిని పాటించి తీరాలి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం చేయకూడదు. టెలీ మానస్‌తో సహా హెల్ప్‌లైన్ నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి.

కాబట్టి ఫీజు కట్టేటప్పుడు మెస్, ఏసీ గురించి అడిగినట్టే ఇవీ అడగండి. కౌన్సెలర్ ఎవరు? అర్హత ఏమిటి? 14416కు ఫోన్ చేయాలంటే పిల్లలకు ఏ ఫోన్ అందుబాటులో ఉంటుంది? వార్డెన్‌నే కౌన్సెలర్‌గా చూపిస్తే ఆ నిబంధన పాటించినట్టు కాదు.

ఆసుపత్రిలో ఎవరిని కలవాలి?

ప్రభుత్వ మెడికల్ కాలేజీలకు అనుబంధంగా ఉండే బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ విభాగం ఉంటుంది. హైదరాబాద్‌లో గాంధీ, ఉస్మానియా ఆసుపత్రులు అలాంటివే. జిల్లాల్లో మీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో, ఏ గదిలో అని అడిగితే చాలు.

ప్రైవేటులో చూపించుకునేవారు బోర్డు మీది పేరు పక్కనున్న అక్షరాలు చదవాలి. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, థెరపీ ఇస్తారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వారికి రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగడం తప్పేమీ కాదు. ఇక 'కౌన్సెలర్' అన్న బోర్డు చిన్న కోర్సు చేసినవారు కూడా పెట్టుకుంటున్నారు. అందుకే ఏం చదివారో కనుక్కోండి.

18 ఏళ్లలోపు వారి చికిత్స నిర్ణయాల్లో తల్లిదండ్రులు లేదా సంరక్షకుల సమ్మతి తీసుకుంటారు. కానీ డాక్టర్ పిల్లలతో కొంతసేపు విడిగా మాట్లాడతానంటే బయట కూర్చోండి. చేర్చుకోవాల్సి వస్తే పెద్దల వార్డులో కాకుండా వేరుగా ఉంచాలని, తోడుగా సంరక్షకులు ఉండాలని చట్టం చెబుతోంది. కరెంట్ షాక్ ఇస్తారన్న భయం పాత సినిమాల పుణ్యం. మైనర్లకు ఆ చికిత్సను చట్టం నిషేధించింది. తప్పనిసరి అని డాక్టర్ భావించినా సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య బోర్డు ముందస్తు అనుమతి రెండూ కావాలి. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత కూడా ఆసుపత్రిదే.

మందులు రాస్తే ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. మొదటి వారాల్లో కంగారు లేదా చనిపోవాలన్న ఆలోచనలు పెరిగినట్టు అనిపిస్తే వెంటనే డాక్టర్‌కు చెప్పండి. 'ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా' అని సొంతంగా ఆపేయొద్దు.

ఖర్చు మాటేంటి? శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే చెల్లిస్తాయి. వారం వారం థెరపీ ఫీజు జేబులోంచే పోతుంది. మీ పాలసీలో ఓపీ కవర్ ఉందో లేదో బీమా కంపెనీని అడిగి తెలుసుకోండి. లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో చూపించుకోవచ్చు.