వంటనూనె నుంచి ఇంధనం: చేవెళ్ల, మొయినాబాద్ పరీవాహక ప్రాంతం నేపథ్యంలో బయోడీజిల్ చరిత్ర

హైదరాబాద్ నుంచి పడమటి దిక్కుగా మొయినాబాద్ మీదుగా చేవెళ్లకు సాగే దారి పొడవునా నేడు ఫాంహౌసులు, కల్యాణ మండపాలు, ఇంజనీరింగ్ కళాశాలల వసతిగృహాలు, చిలుకూరు బాలాజీ దర్శనానికి వచ్చేవారిపై ఆధారపడిన టిఫిన్ బండ్లు కనిపిస్తాయి. వీటన్నిటి వెనుకా కాగి నల్లబడిన నూనె మిగులుతుంది. 1908 మూసీ వరదల తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) జలాశయాల పరీవాహక ప్రాంతం కూడా ఇదే. అందుచేత ఈ నూనె గమ్యాన్ని ఇంధన చరిత్రలో భాగంగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టవుతుంది. ఇక్కడ అది నీటి చరిత్ర కూడా.

నూనెతో ఇంజను నడపడం కొత్త ఆలోచన కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఆటో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపింది. ప్రపంచ జీవ ఇంధన దినోత్సవంగా జరుపుకొనే ఆగస్టు 10 రుడాల్ఫ్ డీజిల్ 1893లో చేసిన ప్రయోగాన్ని గుర్తుచేస్తుంది. ఆనాటి ప్రయోగంలోనే వేరుశనగ నూనె వాడారనే ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. నూనెను నేరుగా వాడితే దాని చిక్కదనం ఇంజనుకు అడ్డు. ఆ చిక్కు విప్పినది 1937లో బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ పొందిన బెల్జియం పేటెంటు. ఆయన పామాయిలును ఇథైల్ ఎస్టరుగా మార్చారు. మరుసటి ఏడాది దానితో బ్రస్సెల్స్, లూవేన్ నగరాల మధ్య బస్సు నడిచింది. నేటి పద్ధతికి మూలం అదే. నూనెకు మిథనాలు, కొద్దిపాటి క్షారం కలిపి సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద కలియబెడితే మిథైల్ ఎస్టరు పైకి తేలుతుంది, గ్లిసరిన్ అడుగుకు చేరుతుంది. పదేపదే కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగి ఉంటాయి. క్షారం వాటితో కలిసి సబ్బవుతుంది. కనుక ముందు ఆమ్లంతో ఒక విడత శుద్ధి తప్పదు. తడి ఉన్నా పని చెడుతుంది.

రసాయనశాస్త్రం ఇలా ఏనాడో తేలిపోయింది. తేలనిది ముడిసరుకు. తెలుగునాట జరిగిన ప్రయత్నాలను వరుసగా చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. తొలి ఆశ కానుగ మీద. నాటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని పవర్‌గూడలో గిరిజన మహిళా సంఘాలు కానుగ నూనె తీశాయి. డీజిలుకు బదులు ఆ నూనె వాడకం వల్ల తగ్గే 147 టన్నుల కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే, వార్త మాత్రం పెద్దదైంది. కేంద్ర ప్రభుత్వం 2005లో కొనుగోలు విధానం ప్రకటించి లీటరుకు 25 రూపాయల ధర నిర్ణయించింది. 2007 నాటికి నల్లగొండ జిల్లా సంస్థాన్ నారాయణపురంలో జర్మనీ సాంకేతికతతో ఒక కర్మాగారం, కాకినాడ తీరంలో అంతకన్నా పెద్దది వెలిశాయి. అయితే కానుగ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, గింజలు ఏరేవారికి కూలి గిట్టుబాటు కావాలి. కర్మాగారాలు అంతవరకు ఆగలేదు. నారాయణపురం యూనిట్ కొవ్వు ఆమ్లాలు, జంతు కొవ్వులు, వాడిన నూనెల వైపు మళ్లింది. కాకినాడ దిగుమతి పామ్ స్టియరిన్ మీద ఆధారపడింది. వాడిన నూనె బయోడీజిల్ రంగంలోకి ఆదర్శంగా కాదు, కొరత పూడ్చే సరుకుగా ప్రవేశించిందని నా అభిప్రాయం.

నగరానికి, కళాశాలలకు ఇంత దగ్గరగా ఉన్న జంట జలాశయాల ప్రాంతంలో ఇటువంటి కర్మాగారం ఎందుకు వేళ్లూనలేదు? దీనికి సమాధానం బయోడీజిల్ అన్న మాట ఇక్కడ ప్రచారంలోకి రాకముందే నడిచిన ఒక వ్యాజ్యంలో దొరుకుతుంది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పన్నాల పరిశ్రమ పెట్టాలని ఒక సంస్థ భూమి కొన్నది. దాని ఉత్పత్తుల జాబితాలో ఆముదం నుంచి వచ్చే ఒక కొవ్వు ఆమ్లపు మిథైల్ రూపం ఉంది, ఉపఉత్పత్తిగా గ్లిసరిన్ ఉంది. అంటే బయోడీజిలుకు రసాయన రీత్యా దగ్గరి చుట్టమే. వాడేసిన నికెల్ ఉత్ప్రేరకం సంగతి వేరే. 1996 మార్చి 8న వెలువడిన జీవో 111 జలాశయాల నుంచి 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల గ్రామాలూ అందులో ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి పరిశ్రమకు అనుమతి నిరాకరించింది. అయినా 1997 జులైలో రాష్ట్ర ప్రభుత్వమే తన నిషేధం నుంచి ఆ సంస్థకు మినహాయింపు ఇచ్చింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో 1999 జనవరి తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరించి, హాని లేదని నిరూపించే భారం పరిశ్రమదేనని చెప్పింది. నిపుణుల నివేదికలు వచ్చాక 2000 డిసెంబరులో తుది తీర్పు ఆ మినహాయింపును చెల్లనీయలేదు.

పర్యావరణ న్యాయశాస్త్ర పాఠాల్లో ఈ తీర్పును సూత్రం కోసం చదువుతారు. నూనె పరిశ్రమ చరిత్రకారునికి అందులో మరో అర్థం కనిపిస్తుంది. మిథనాలు నిల్వ, గ్లిసరిన్ కలిసిన కడుగునీరు ఉన్న ఏ యూనిటైనా ఇక్కడ ముందుగా నీటికి జవాబు చెప్పాలి. ఇక మిగిలింది సేకరణ. దాని అవసరాన్ని 2018 నాటి రెండు నిర్ణయాలు పెంచాయి. జూన్‌లో వెలువడిన జాతీయ జీవ ఇంధన విధానం వాడిన వంటనూనెను ముడిసరుకుగా గుర్తించి, 2030 నాటికి డీజిలులో 5 శాతం బయోడీజిల్ కలపాలని లక్ష్యం పెట్టింది. జులై 1 నుంచి పోలార్ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని ఆహార భద్రతా సంస్థ నిబంధన అమలులోకి తెచ్చింది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే వ్యాపారులు 2019 మార్చి నుంచి లెక్కలు రాయాలి. ఆ ఆగస్టులో చమురు సంస్థలు ఈ బయోడీజిలుకు లీటరుకు 51 రూపాయల ధర ప్రకటించాయి.

కానుగ దశలో గింజ ఏరేవారికి ఎదురైన ప్రశ్నే నూనె సేకరించేవారికీ ఎదురవుతుంది. పెద్ద వంటశాల వదిలిన నూనెను తక్కువ ధరకు కొని మళ్లీ మూకుట్లో పోసే చిన్న బండి బయోడీజిలుకు అసలు పోటీదారు. పైగా 50 లీటర్ల గీత కింద ఉన్న టిఫిన్ బండికి లెక్కల పుస్తకమే లేదు. దాని అడుగున మిగిలిన మడ్డి మురుగుకాలువలోకి పోతుంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 జలాశయాల నీటి నాణ్యత చెడరాదన్న షరతుతో 111లోని మూడో పేరా ఆంక్షలను తొలగించింది. ఇకపై ఈ దారిలో పెరిగే వంటశాలల నూనెను ఆ షరతు కింద ఎవరు లెక్కిస్తారన్నది ఉత్తర్వులో కనిపించదు.